హాజరు పుస్తకం

సిరొంచకు పది కోసుల దూరంల, ఇప్పగట్టు మీద
గుండ్రంగ నిలవెట్టిన రాళ్ల గుంపులు తొమ్మిది.
నేను మేస్త్రీని. తొవ్వుడు నాది గాదు, లెక్క నాది.
ఎవలచ్చిండ్రు, ఎవలు రాలే,
ఎవలు మాపటిదాక ఉండి పోయిండ్రు,
గంతే నాకెరుక.

నాగపూరు నుంచి అచ్చిన దేవగడే మేడం
కుంచెతోని మట్టి తుడుస్తది, పసిపిల్ల మొకం తుడిసినట్టు.
నల్ల అంచు ఎర్ర కుండ. తుప్పువట్టిన గొడ్డలి.
ఇనుప కళ్లెం. దాని మీద రెండు దినాలు పంచాది,
గాడిదదని పోశక్క, గుర్రందని మేడం.
"కళ్లెం తోడిచ్చి పంపిండ్రంటే
ఈడ వన్నోడు పెద్దోడే" అన్నది.
నేను గొడ్డలి చూడలే, కళ్లెం చూడలే.
రాయి చూసిన.

గీ రాయి గీ గట్టుది గాదు.
గీ నలుపు వాగవతల కొర్రగుట్టల ఉంటది, మూడు కోసులు.
టేపు వెట్టిన. ఏడు ఫీట్ల పొడుగు, రెండు ఫీట్ల మందం.
నలభై మంది, అడ్డతీగ తాళ్లు, కింద మద్దిమొద్దులు,
వాన వడని నెల,
ఒక్క రాయికి ఆరు దినాలు.
ఒక్క గుండ్రంల పద్నాలుగు రాళ్లు.
నా వేళ్లు సాలలే.
అంతమందికి అంబలి ఎవలు కాసిండ్రు?
సంకల పిల్లగాన్ని ఏసుకొని తాడు గుంజినామెకు
పూర కూలా, సగం కూలా?
సచ్చినోడెవలని మేడం మట్టిని అడుగుతది.
నేనడిగేది గుంజినోళ్ల పేర్లు.
వాళ్ల హాజరు వట్టినోడు ఎవడు?
ఏ గోడ మీద గీతలు గీసిండు?

పగటి బువ్వకాడ మేడం ఫోన్ల బొమ్మలు చూపిచ్చింది.
పడమటి దేశాల సముద్రపొడ్డు, గడ్డి, మబ్బు,
బల్లలెక్క నిలవెట్టిన రాళ్లు.
ఒకదాంట్ల సొరంగమట. ఏడాదికొక్కపారి,
పగలు పొట్టిదైన దినం,
తెల్లారంగనే ఎండ లోపలిదాక నడిచిపోయి
చీకట్ల కూసుంటదట.
"ఐదువేల ఏండ్ల కిందిది" అన్నది.
తలాండి మల్లు ఉల్లిగడ్డ కొరుకుకుంట చూసిండు.
"మా ఊరోళ్లే పోయిండ్రా గక్కడికి?" అని నవ్విండు.

తెల్లారి మల్లు రాలే.
పేరెదురుంగ సున్న వెట్టిన.
వాళ్లక్కకు రాయి నిలవెడుతుండ్రని తెలిసి
మాపటికి పోయిన.
మోతుకు చెట్ల నడుమ, కట్టెల మీద,
పదిమంది మోస్తుండ్రు
భుజం మార్సుకుంట, తిట్టుకుంట, నవ్వుకుంట.
ముసలామె ఒకతి రాయి మీద ఇప్పసార వోసి
"బరువు తగ్గవే బిడ్డా" అన్నది.
తగ్గిందో ఏమో, లేసింది.
"ముందటేడాదికి రాయి పెరిగితే
అక్క సుఖంగున్నట్టు" అన్నడు మల్లు
చెమట తుడుసుకుంట.
నా జేబుల టేపున్నది. తియ్యలే.
ఒక కట్టె కింద నేనుగూడ భుజం వెట్టిన.
మర్నాడు సున్నను గీతగ దిద్దిన.
మేడంకు చెప్పలే.

తొమ్మిదో గుంత ఆఖరుకు తవ్వినం.
కుండలున్నయి. కుండల పొట్టున్నది.
పూసలు, దండ తెగకుంట పరిచినట్టే ఉన్నయి.
ఎముక లేదు. ఒక పన్ను గూడ లేదు.
మట్టి తిన్నదేమో అన్నది మేడం.
కొంచెంసేపాగి,
మనిషి దొరకలేదేమో, అన్నది.
దొరకని మనిషికి
అందరికంటె పెద్ద రాళ్లు.

పోశక్క జల్లెడ ఆపింది.
మూడేండ్ల కింద ఆమె పెనిమిటి
ప్రాణహితల వల ఇడిపియ్య దిగిండు.
వల ఒడ్డుకచ్చింది.
పొద్దుగూకేదాక ఆమె ఏం మాట్లాడలే.
కూలి లెక్కవెట్టి చేతుల వోస్తుంటే అడిగింది:
"మేస్త్రీ, చిన్న రాయికి ఎంతమంది గావాలె?"

మోకాలెత్తు రాయి. ఏటి గడ్డదాక.
నలుగురు, ఒక పూట.
పుస్తకం ఆఖరు కాగితం మీద రాసిన:
మల్లు. పోశక్క. నేను.
నాలుగో పేరుకాడ పెన్ను ఆగింది.
తట్టల నీళ్లల్ల కుంచెలు కడుక్కుంట
మేడం ఇటే చూస్తున్నది.