అంచులు

మొదట సబ్బు పడలేదనుకుంది డెయొలిండా.
పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు.
చెబుదామంటే
ఆ చోటుకి వాళ్లింట్లో పేరే లేదు.

మాతొజిన్యోష్ రేవులో సార్డీన్ తలలు తుంచిన చేతులు
డాక్టరు బల్ల అంచుని పట్టుకున్నాయి.
బియ్యపుగింజంత ముక్క కోసి పంపారు.

గాజుపలక మీద ఊదారంగు గదులు.
"స్వేదగ్రంథిది. ఇరవై ఏళ్లలో నాకిది రెండోది,"
అంది పథాలజిస్టు, మళ్లీ వంగి చూసి.

"చెమటా?" నవ్వింది డెయొలిండా.
"నలభై ఏళ్లు ఓడ్చాను. ఇంకా మిగిలిందా?"
అందుకు కాదమ్మా, అన్నారు.
ఎందుకో మాత్రం చెప్పలేకపోయారు.

కోతలో చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మమూ పోయింది,
గజ్జల్లోంచి ఒక బిళ్ల.

అంచుల్లో ఏమీ లేదని కాగితం వచ్చిన రోజు
కూతురికి ఫోన్ చేసి
మొదటిసారి ఆ చోటు పేరు పలికింది,
ట్రామ్‌లో, అందరూ వినేలా.