తాటిచెట్లపాలెం సిగ్నల్ దగ్గర

రోజూ అక్కడే తెగిపోతుంది పాట.
పల్లవి అయ్యి చరణం ఎత్తుకునేలోగా
కారు గొంతులో ముల్లు పడినట్టు.

ఫోన్ ఆపి వేశాను. కారు ఆపి వేశాను.
బ్లూటూత్‌లో పేరు చెరిపి, నాలుగు సున్నాలు కొట్టి
మళ్ళీ కొత్తగా జత కలిపాను.
గాజువాక మెకానిక్ సూర్రావు
స్టీరియో విప్పి, ఉఫ్ అని ఊది, బిగించి
"ఉప్పుగాలి బాబూ, ఇనుమే ఆగదు, ఇదెంత" అని
మూడొందలు తీసుకున్నాడు.

నిన్న, పాట తెగిన చోట
ఒక ఆడగొంతు మోగింది కారు నిండా:
"కానాగంతలు తెత్తన్నావా, లేదా?
పులుసు మరిగిపోతంది ఇక్కడ."

ఎడమపక్క టీకొట్టు ముందు
బనీను మీద తువ్వాలేసుకున్న ఒకాయన
ఫోన్ చెవికి నొక్కుకుని
"అలో... అలో... ఇనపడతందేటి?" అంటున్నాడు.

ఈ కారు నాకు అమ్మింది బ్రోకరు.
అంతకుముందు ఎవరిదో నేనడగలేదు.
తెర మీద, నా పేరుకి పైన:
గౌరునాయుడు ఫోన్. కనెక్ట్ అయింది.
అమ్ముకుని రెండేళ్ళయినా
పాత చుట్టరికం వదల్లేదన్నమాట ఇది.

"ఆయన ఇక్కడే ఉన్నారమ్మా" అన్నాను.
"నువ్వెవుడివి?" అంది.
జవాబు వెతుక్కునేలోగా పచ్చలైటు,
వెనకాల సిటీ బస్సు హారన్.
పది గజాలు దాటగానే
ఆమె గొంతు అతని చెవికి వెళ్ళిపోయింది.

ఎన్‌ఏడీ వంతెన కింద ఆపి చూస్తే
"ఈ పరికరాన్ని మరచిపోవాలా?" అంది తెర.
అవునన్నాను.

ఇవాళ పాట తెగలేదు.
టీకొట్టు దగ్గర నా చెయ్యే
దానంతటది వెళ్ళి సౌండు తగ్గించింది.

పులుసులో చేపలు పడ్డాయో లేదో.