సాన

మూడు బ్యాంకుల్లో కూర్చోమన్నారు.
ఒకదానిలో కాఫీ ఇచ్చారు, చక్కెర ఎంతని కూడా అడిగారు.
తర్వాత తెర మీద నా అంకె పడింది,
ఐదువందల ముప్పైయొకటి.
అప్పటిదాకా నా చేతుల మీదున్న చూపు
గోడ గడియారం మీదికి జరిగింది.

డులూత్ ఊళ్లో ముప్పై చలికాలాలు
స్కేట్లకు సాన పట్టాను.
ఐస్ రింకు వెనక ఇరుకు గది,
ఒక యంత్రం, ఒక స్టూలు,
గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని ఇనుప పొడి.
నడక చూసి చెప్పేదాన్ని
ఏ పిల్లాడు ఎడమ అంచు ఎక్కువ అరగదీస్తాడో.

ఆ తర్వాత ఓర్విల్ మూత్రపిండాలు.
ఆ తర్వాత మంచు పడని చలికాలం,
దాని వెనకే ఇంకొకటి.
ఒక కార్డుతో గది అద్దె,
ఇంకో కార్డుతో ఆ కార్డు అప్పు.
ఓర్విల్ పోయిన వారానికి ఆసుపత్రి బిల్లు
ఆయన పేరు మీదే వచ్చింది.

చట్టంలో దాన్ని ఏడో అధ్యాయం అంటారు.
నవలల్లో అయితే ఏడో అధ్యాయానికి
ఎవరో ఒకరు ప్రేమలో పడతారు.
నాకు పదకొండు నిమిషాలు పట్టింది.
ట్రస్టీ నా పేరు తప్పులేకుండా పలికాడు,
మార్విస్ తోయివోనెన్, అదొక్కటే గుర్తు.
అప్పులు కొట్టేశారు.
యంత్రం మాత్రం తాకట్టులో ఉంది,
అది వెళ్లిపోయింది.
‘ఐపీ పెట్టిందట’ అని పాల సీసాల వరస దగ్గర ఎవరో అన్నారు,
నేను వెన్న కొనకుండా వచ్చేశాను.

నాలుగోది బ్యాంకు కూడా కాదు,
చేపల ఎరలమ్మే కొట్టు పైన పరపతి సంఘం.
రెనీ లాప్రెయిరీ అనే ఆవిడ
తెరను నా వైపు తిప్పింది.
‘మీ గురించి రాసిందే కదా, మీరూ చదవండి.’
చదివాను. తప్పిన ప్రతి వాయిదా, తేదీతో సహా.
‘ఒకటి తప్పు,’ అన్నాను, ‘ఆ జనవరిది కట్టాను.’
ఆవిడ రాసుకుంది.

పూచీ ఎవరని అడిగింది.
రబ్బరు బ్యాండు వేసిన పధ్నాలుగు అద్దె రసీదులు
బల్ల మీద పెట్టాను.
ఇంటావిడ చేతిరాత అంత బాగుండదు.
ఆవిడ ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది, లెక్కపెట్టే వేగంతో కాదు.

‘ఈసారి ఏం మారుస్తారు?’
‘గది అద్దె కార్డు మీద పెట్టను.
వేసవిలో కత్తెరలు, గడ్డి కోసే బ్లేడ్లు పడతాను.
మంచు పడుతుందని నమ్మను.’
చివరి మాటకు తలెత్తింది.

నాలుగువేల రెండువందలు. నూటికి తొమ్మిది.
ముప్పైయారు నెలలు, నెలకు నూట ముప్పైనాలుగు.
సంతకం పెడుతుంటే కింద కొట్టులోంచి
ఎర పురుగుల మట్టి వాసన.

ఆ డబ్బుతో నేను కొన్నది నా యంత్రాన్నే.
వంతెన అవతల సుపీరియర్‌లో
ఒకతని గ్యారేజీలో టార్పాలిన్ కింద ఉంది.
తొమ్మిదివందలకు వేలంలో పాడుకున్నాడట,
రెండువేల ఆరువందలు చెప్పాడు.
కాలి మీద ఓర్విల్ అంటించిన ఆకుపచ్చ టేపు,
‘మార్విస్‌ది. ముట్టుకోవద్దు.’
‘పీకేసి ఇస్తా,’ అన్నాడతను.
వద్దన్నాను. ఇంక బేరం ఆడలేకపోయాను.

బోణీ ఒక ఎర్ర టోపీ పిల్ల.
అంచును బొటనవేలి గోరు మీద లాగి చూశాను,
సన్నగా, తెల్లగా లేచింది గోరు.
ఎనిమిది డాలర్లు, అందులో నాలుగు నాణేలే.
రెండు కాఫీ డబ్బాలున్నాయి నా దగ్గర.
ఐదు ఒకదానిలో వేశాను.
మూడు, రెనీ వాళ్లవి, రెండో దానిలో.

కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది.
ఇంకా గడ్డకట్టలేదు.
చూస్తున్నాను,
నమ్మకుండానే.