పడుకునే ముందు ప్రశ్నలు

సాల్మియాలో, నాలుగో అంతస్తులో
చీకటి గది. మూడు యంత్రాలు నా చేతికింద:
మూసిన కళ్ళ మీద మిణుకుమనే దీపాలు,
చెవుల్లోకి సముద్రం,
వీపు కింద సన్నగా వణికే పరుపు.
అరగంటకు పన్నెండు దీనార్లు.

పడుకోబెట్టే ముందు అడగాలి:
మూర్ఛ వచ్చేదా ఎప్పుడైనా?
గుండెలో పేస్‌మేకరు?
కడుపుతో ఉన్నారా? ఎముకలో ఇనుప కడ్డీ?
మొన్నామధ్య ఒకావిడ దాచబోయింది,
గొలుసు కింద మచ్చ చూసి లేపేశాను.
మేనేజరు వారం నాతో మాట్లాడలేదు.

ఇవాళ ఏసీ బిగించడానికి గోడకు కన్నం వేసిన లస్మయ్య,
జగిత్యాల మనిషి, డ్రిల్లు పక్కన పెట్టి అడిగాడు:
"అక్కా, గీ మంచం మీద ఒక్కపారి పండనా?"

నియమం నియమమే. ఫారం తీశాను.

చెవుల్లో మోత ఉందా?
"మిషిని బందయినా అది బందు గాదు."
వేళ్ళకు తిమ్మిరి?
"చాయ్ గిలాస వేడిదో సల్లదో పెదవికే ఎరుక."
వెలుగు పడదా?
"వెల్డింగు చేసిన రాత్రి కండ్లల్ల ఇసుక."
ఎన్నాళ్ళుగా?
"బిడ్డ పుట్టినప్పటి సంది. ఇప్పుడు దానికి పద్నాలుగు."

కలం ఆగింది.
మేం ఇక్కడ కొలిచి అమ్మేదంతా
ఇతనికి ఊరికే, రోజుకు పది గంటలు,
ఎవరూ ఏమీ అడక్కుండానే.

వద్దన్నాను. మొహం చిన్నబోయింది.
తర్వాత తీగలన్నీ పీకి, దీపం ఆర్పి
"ఇప్పుడు పడుకో" అన్నాను.

ఏదీ మెరవలేదు. ఏదీ మోగలేదు.
ఆ చేతులు మాత్రం
దుప్పటి మీద కాసేపు వణికి
ఊరుకున్నాయి.

ఫారం అడుగున రాశాను:
చికిత్స ఇవ్వలేదు.
నిద్రపోయాడు.