మొదటి పూత

పండ్లు తోముతున్న.
నావి కాదు,
పొద్దున్నే అచ్చులోంచి ఊడొచ్చిన రెజిన్ పండ్లు.
నాలుగు దవడలు,
బొటనవేలంత ఒక్కొక్క పన్ను.

గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పాత బ్రష్షు.
అచ్చుకు అంటకుండ పూసిన జిడ్డు
సందుసందుల దాక్కుంటదట.
"అది పోకుంటే రంగు నిలువదు బిడ్డా,
ఇయ్యాల మంచిగనే మెరుస్తది,
వారానికి పొరలూడి రాల్తది" అంటడు
ఖాసీం ఉస్తాద్,
బీడీ బయట నలిపి లోపలికొస్తూ.

దేవరకొండ రోడ్డు మీద రేకుల షెడ్డు మాది.
ముందు పంక్చర్ల దుకాణం, వెనుక కందిచేను.
ఆర్డరు మాత్రం పెద్దదే:
బడిపిల్లలకు చూపెట్టనీకె రెండు జతలు.
రెండూ ఒక్క అచ్చులయే.
ఒకటి మంచిది,
ఒకటి మా ఊరిది.

కత్తిమొనతో అంచులు గీకిన.
అచ్చు రెండు సగాలు కలిసిన కాడ
పలుచటి రేకు, జొన్నరొట్టె అంచు లెక్క.
బుడగ పేలిన చోట సూదిబెజ్జం.
పుట్టీ కూరి, వేలితో అదిమి, ఆరినంక
వాటర్ పేపరు తడిపి రుద్దిన,
నాలుగు వందలది, తర్వాత ఎనిమిది వందలది.
పొడిగ రుద్దనియ్యడు ఉస్తాద్.
ఆయన దగ్గు ఆయనకు నేర్పిన పాఠం అది.

తడి వేళ్ల కింద పన్ను నున్నగైతుంటే
యాదికొచ్చింది.
ఏడో తరగతి, మర్రిగూడ బడి.
తెల్లారి ఫోటో తీస్తరని
రాత్రంత ఇటుకపొడితో తోమిన.
చిగుళ్లు నెత్తురైనయి గని
పసుపు చార కదల్లే.
బోరింగు కొడుతూ నాయిన చెప్పిండు:
"పైన పట్టింది కాదు పిల్లా,
లోపల పోసిందే అట్ల."
ఫోటోల నేను నోరు మూసుకునే ఉన్న.

ఇగ బూడిదరంగు డబ్బ.
రెండు నిమిషాలు ఊపాలె,
లోపల గోలీ టకటకలాడాలె.
జానెడు దూరం.
పన్నుకు అవుతల మొదలువెట్టి
పన్ను దాటినంకనే ఆపాలె.
మంచు వాలినట్టు. తడవద్దు.

పూత ఆరంగనే
దాక్కున్నయన్నీ లేచి కూసున్నయి:
నేను వదిలేసిన గీత,
పుట్టీ తాగని బెజ్జం,
కోరపన్ను మీద
నా వేలిముద్రే ఒకటి.
ఉస్తాద్ నవ్విండు.
"కప్పే రంగనుకున్నవా?
ఇది చాడీలు చెప్పే రంగు."
మళ్ల పుట్టీ. మళ్ల తడి పేపరు. మళ్ల డబ్బ.

పొద్దుగూకేసరికి
రెండు జతలు పక్కపక్కన,
ఒక్కటే బూడిద.
ఏది మంచిదో ఏది మా ఊరిదో
ఉస్తాద్ కూడ తడబడ్డడు,
తిప్పి, అడుగున పెన్సిలు రాత చూసేదాక.

రంగు రేపు.
నమూనాకని పంపిన ఫోటో కాగితం
సబ్బునీళ్లల్ల తడిసి
చారలన్నీ ఒకదాంట్లొకటి కలిసిపోయినయి.
"ఎట్ల మరి?" అన్నడాయన,
నా దిక్కు చూడకుండ.

పంక్చర్ల దుకాణంల
పాత స్కూటరు అద్దం ఒకటి అడుక్కొచ్చి
తూర్పు కిటికీ పక్కన
బల్ల మీద ఆనించిన.
అక్కడైతే పొద్దుగాల్ల
వెలుతురు మంచిగుంటది.