వెనక వరుస, కిటికీ పక్క

ఆపామ్ రేవులో మా గుడికి గ్రంథాలయం లేదు.
ఒక చేపల పెట్టె ఉంది.
ఎంత కడిగినా వాసన వదలదు,
అందుకే మా ఊళ్ళో భక్తుల జీవిత చరిత్రలన్నీ
కాస్త ఎండుచేపల వాసన కొడతాయి.

ఆరాధన కాగానే గుమ్మం పక్కన దాని మూత తీస్తాను.
ముప్పై ఏళ్ళు రేవులో తూకం గుమాస్తాని,
మనిషిని చూస్తూనే ఎంత మోయగలడో
మనసులో ముల్లు ఊగుతుంది.

కెంకే అమ్మే మాన్సాకి లావు పుస్తకం ఇవ్వను.
ఒక ఆకు చుట్టి ఇంకో ఆకు అందుకునే లోపు
అయిపోవాలి ఆమె ధ్యానం.
బడిపంతులు ఎబోకి అనుమానాలు ఎక్కువ,
అతనికి జవాబులు తక్కువున్న పుస్తకమే ఇస్తాను.
పెళ్ళి కుదిరిన ఎసికి ఒక కేసెట్టు:
"రెండో వైపు విను తల్లీ,
మొదటి వైపంతా బాకాలే,
దేవుడికి చెవుడనుకున్నట్టున్నారు."

ఫీఫీ మాత్రం ఏమీ అడగలేదు.
పడవ మోటార్లు బాగుచేసేవాడు.
తమ్ముడు క్వాము వలతో సహా తిరిగిరాని ఆగస్టు తర్వాత
గుడికొచ్చి, కూర్చుని, వెళ్ళిపోయేవాడు.
నేనే వెంటపడి చేతిలో పెట్టాను
ఒక నావికుడి సాక్ష్యం, నూట పన్నెండు పేజీలు.
"బావుంటుంది, చదువు" అన్నాను.
ఆ మాట అనడం ఎంత తేలిక!

నాలుగు నెలలకి తెచ్చి ఇచ్చాడు.
నలభై ఒకటో పేజీలో ఇంజను నూనె వేలిముద్ర.
ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా, ఎవరూ తాకనట్టు.
ఇంటికెళ్ళి చదివాను, ఆ వేలు ఆగిన చోట:
సముద్రం ఆయన మాట వింటుందని రాసి ఉంది.
"ఆ రాత్రి వినలేదు" అన్నాడు ఫీఫీ మరుసటి ఆదివారం,
కోపంగా కూడా కాదు,
మోటారులో ఏ భాగం చెడిందో చెప్పినట్టు.
నా పెట్టెలో ఇంకో పుస్తకం లేదు.
ఉన్నా, ఇచ్చే మొహం లేదు.

హర్మటాన్ దుమ్ము కమ్మిన ఆ పూట
పాస్టరు గారు ప్రసంగంలో మూడో అంశానికి వచ్చారు.
వెనక వరుసలో కిటికీ పక్క నుంచి
అరబా న్యార్కోవా లేచింది.
చేపలు పొగబెట్టీ పెట్టీ కళ్ళు ఎర్రబడ్డ ముసలమ్మ,
అక్షరం ముక్క రాదు, నా పెట్టెలోకి ఏనాడూ తొంగిచూడలేదు.
ప్రసంగం మధ్యలో పాట ఎత్తుకోవడం మా గుడిలో రివాజు,
చదువురాని అమ్మమ్మలు
విన్న వాక్యాన్నే పాటగా నేసుకున్న నాటి నుంచీ.
పాస్టరు గారు మాట సగంలో ఆపి చెమట తుడుచుకున్నారు.

ఆమె పాటలో ఓదార్పు లేదు.
"ప్రభువా, క్వాము పడవకి పచ్చరంగు వేశాం,
నువ్వు చూళ్ళేదా?" అంది.
ఆడవాళ్ళంతా అందుకున్నారు: "చూళ్ళేదా?"
"తెల్లారిందాకా పొయ్యి ఆర్పలేదు, నువ్వు చూళ్ళేదా?"
"చూళ్ళేదా?"
అలా ఎన్నిసార్లో.
చివరికి ఆ ప్రశ్నే ఎలా మారిందో తెలీదు,
ఎవరో పక్కనే కూర్చుని
అవునని తలూపుతున్నట్టు అయింది.
ఫీఫీ ముందు బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు.
వాడి నోరు కదలడం చూశాను.
పాడాడో లేదో చెప్పను. నాకు తెలీదు.

తర్వాత ఆమె దగ్గరికెళ్ళి అడిగాను,
"అమ్మా, ఆ పాట మళ్ళీ పాడు, ఫోన్లో పట్టుకుంటాను,
అడిగినవాళ్ళకి ఇస్తాను."
తలగుడ్డ సర్దుకుని నవ్వింది:
"చేప ఈదేటప్పుడు తూస్తావా గుమాస్తా?"

అందుకని సంఘానికి మనవి.
పెట్టె ఎప్పటిలాగే గుమ్మం పక్కనుంటుంది.
మాన్సా, నీ దగ్గర రెండు ఉన్నాయి, మర్చిపోకు.
నావికుడి పుస్తకం కూడా ఉంది, కావాలంటే తీసుకోండి,
నలభై ఒకటో పేజీ నేను తుడవలేదు.
ఇంకా ఏదైనా మంచిది చెప్పమంటే
ఆదివారం పదిన్నర దాటాక
వెనక వరుస, కిటికీ పక్క.
కాస్త జరిగి చోటిస్తుంది.