ఊపిరికి చోటు

బ్లాక్‌పూల్‌లో ఈ సీజన్‌కి ఆఖరి ఆట.
డిలిస్ చేతులెత్తి నిలబడింది,
పెదాల మధ్య గుండుసూదులతో నేను.

ముప్పయ్యేళ్లలో ఈమె గౌన్ల నడుము
ఆరుసార్లు వదులు చేశాను,
ఒక్కసారి బిగించాను.
ఆ ఏడు ఎవరితోనూ మాట్లాడలేదు,
పాడింది మాత్రం.

మొదట్లో నాయిక. తర్వాత నాయిక అక్క.
ఇప్పుడు రెండో అంకంలో
తలుపు తీసే ముసలమ్మ. నాలుగే చరణాలు.

"ఊపిరికి చోటుంచావా?"
ఎప్పుడూ అడిగేదే.
ఉంచాను,
పక్కటెముకల దగ్గర రెండు వేళ్లంత.

తెర వెనక చీకట్లో, ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగా ఉండగానే, వింటున్నాను:
పై స్థాయి అందుకోబోయి, ఆగి,
కింది స్వరంలోకి మెల్లగా దిగింది,
ఎన్నాళ్లుగానో అక్కడే కాపురమున్నట్టు.

హాల్లో ఎవరో
దగ్గబోయి మానుకున్నారు.